మోటారు పెద్దమ్మ దిగనంది

మా బండి ఎక్కేవాళ్ళు ముందుగా అడిగేది సైరన్ గురించే. "వేయరా?" అంటారు, ఇంత పెద్ద బండి ఎక్కాక ఆ ముచ్చట కూడా తీరకపోతే ఎలా అన్నట్టు. వేయం. ప్రాణం మీదికొచ్చిన వాళ్ళను పరుగున తీసుకుపోయే బండి కాదు మాది. పెద్ద ఆసుపత్రిలో వైద్యం అయిపోయి, బస్సులోనో రైల్లోనో కూర్చుని వెళ్ళలేని వాళ్ళను ఎంత దూరమైనా పడుకోబెట్టి, కుదుపు తెలియకుండా వాళ్ళ ఊరు చేర్చే బండి. లోపల గాలి పరుపు, తల వైపు ఎత్తుకునే మంచం, సెలైన్ తగిలించే కొక్కెం, చిన్న ఆక్సిజన్ సిలిండరు, కిటికీకి తెర ఉంటాయి. మంచం పక్కనే నా సీటు. దారి పొడవునా పేషెంటును ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పుతూ ఉండాలి. లేకపోతే వీపు కమిలిపోతుంది.

నేను నర్సింగులో డిగ్రీ చేశాను. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కడం నాతోనే మొదలు. మా అమ్మకు ఈ ఉద్యోగం మీద ఇప్పటికీ గురి కుదరలేదు. "నర్సన్నాక ఆసుపత్రిలో ఉండాలి గానీ, లారీ డ్రైవరులా ఈ రోడ్ల మీద తిరుగుడేంటే?" అంటుంది. ఆసుపత్రిలో బాగుపడ్డ మనిషి ఇంటికి చేరేలోపు నలిగిపోతే ఆ బాగుపడడం దేనికని నేనంటాను. వింటుంది, ఒప్పుకోదు.

డ్రైవరును అందరూ దూది అని పిలుస్తారు. గోతుల రోడ్డు మీద కూడా దూదిలా పోనిస్తాడని ఆ పేరు వచ్చిందని అతనే చెబుతాడు. ఆ పేరు తనకు తనే పెట్టుకున్నాడని ఆఫీసులో మిగతావాళ్ళు చెబుతారు.

ఆ రోజు పొద్దున మేం ఎక్కించుకున్నది జుట్టు సగం నెరిసిన ఒక గట్టి పెద్దావిడను. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. బయలుదేరే ముందు డాక్టరు నాకు అన్నీ చెప్పాడు. ఎముక చక్కగా కూర్చుంది, కుట్లు మానాయి, కొన్నాళ్ళు కాలు కింద మోపకూడదు, ఇల్లు చేరాక మళ్ళీ మళ్ళీ ఎత్తి దించకూడదు, మంచం మీదే వ్యాయామాలు చేయించాలి, ఆ తర్వాత వాకరు పట్టుకుని నడుస్తుంది. నేను తలూపి అన్నీ బుర్రలో వేసుకున్నాను.

బండి కదిలిందో లేదో ఆవిడ చెవి ఒగ్గి, "ఈ ఫ్యాను బేరింగు పోయింది," అంది.

"అది ఏసీ పెద్దమ్మా, ఫ్యాను కాదు," అన్నాడు దూది ముందు నుంచి.

"ఏసీలో ఫ్యాను ఉండదా? గరగరలాడుతోంది, వినపళ్ళా?"

నేను జాలీ తీసి చూశాను. ఎవరి పిల్లలు పెట్టారో, ఒక చాక్లెట్ కాగితం ఇరుక్కుని రెపరెపలాడుతోంది. తీసి చూపించాను. ఆవిడ ఏమాత్రం తగ్గలేదు. "సరేలే. బేరింగు కూడా ఎన్నాళ్ళో రాదు," అంది.

మోటార్లకు వైండింగు చేసే కొట్టు ఆవిడది. కాలిపోయిన మోటారు విప్పి, మాడిన రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, మళ్ళీ తిరిగేలా చేస్తుంది. భర్త బతికున్నప్పుడు పక్కన కూర్చుని తీగ అందించేదట. ఆయన పోయాక తనే చుట్టడం మొదలుపెట్టింది. వాళ్ళ ఊళ్ళో ఆవిడ పేరుతో ఎవరికీ పని లేదు. అందరికీ మోటారు పెద్దమ్మే. ఎవరింట్లోనో సీలింగు ఫ్యాను బిగిస్తూ స్టూలు మీంచి పడింది.

"స్టూలు ఆ ఇంటివాళ్ళది," అని నాకు ప్రత్యేకంగా చెప్పింది. "నాదైతే ఒరగదు."

ఆవిడ వెంట వచ్చింది తమ్ముడు. బక్కపల్చని మనిషి. డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, ప్రతి కాసేపటికీ వెనక్కి తిరిగి అక్కను చూసి, ముఖం అటు తిప్పుకుంటున్నాడు.

"ఒరేయ్, తిన్నగా కొట్టుకే పోనిమ్మను," అంది పెద్దమ్మ. "పిండిమర వాడి మోటారు విప్పిపెట్టి వచ్చాను. వాడు ఎన్ని తిట్లు తిడుతున్నాడో."

"అలాగే అక్కా."

"కొట్టు వెనక గదిలోనే పడుకుంటాను. మీ ఇంటికి రాను. మీ ఆవిడ టీవీ సౌండు నాకు పడదు."

"అలాగే అక్కా. నీ ఇష్టం."

పెద్దమ్మ నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "అమ్మాయ్, వీడికి ఒంట్లో బాగున్నట్టు లేదు. పుట్టి బుద్ధెరిగాక నా మాటకి అడ్డం చెప్పకుండా ఒక్క పూట గడిపింది లేదు. వీడికోసారి బీపీ చూడు."

నిజానికి అతన్ని నేను కూడా గమనిస్తూనే ఉన్నాను. బండెక్కేటప్పుడు దూది చెయ్యి పట్టుకుని, "మెల్లగా పోనీ నాయనా, ఇంక మా అక్కకి ఏ కష్టమూ తెలియకూడదు," అని కళ్ళొత్తుకున్నాడు. దూది అది తన డ్రైవింగుకు దక్కిన గౌరవం అనుకుని చాలా సంతోషపడ్డాడు.

టీ కోసం ఆగినచోట తమ్ముడు వెనక తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఏం తినాలనుందక్కా? మొహమాటపడకు. ఏదడిగినా తెస్తాను."

"ఉరి తీసే ముందు ఇలాగే అడుగుతారంట," అంది పెద్దమ్మ. "టీ చాలు. చక్కెర ఎక్కువేయించు."

అతను అక్కడే నిలబడి బావురుమన్నాడు. టీ కొట్టు దగ్గర జనమంతా ఇటు తిరిగి చూశారు. పెద్దమ్మ నిర్ఘాంతపోయి నా వైపు చూసింది. "చక్కెర ఎక్కువేయించమంటే ఏడుస్తాడేంటమ్మా వీడు?"

అప్పుడే ఆవిడ ఫోను మోగింది. తమ్ముడి భార్య. స్పీకరు నొక్కి గుండె మీద పెట్టుకుని మాట్లాడడం పెద్దమ్మకు అలవాటు.

"వదినా," అంది అవతలి గొంతు. అప్పటికే ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి ఉంది. "వదినా, నేను ఎప్పుడైనా ఒక మాట అటూ ఇటూ అనుంటే మనసులో పెట్టుకోకమ్మా."

"ఏ మాట?"

"ఏదైనా సరే."

"ఏదైనా అంటే ఎలాగే? చాలా అన్నావు. దేని గురించి అడుగుతున్నావో చెప్పు."

అవతల ముక్కు చీదిన చప్పుడు. మళ్ళీ అందుకుంది. "నువ్వు దేనికీ బెంగపడకు వదినా. అందరూ వచ్చి కూర్చున్నారు. ఇక్కడ మేమన్నీ సర్దేస్తున్నాం. కొట్టు కూడా..." అని, ఎవరో డొక్కలో పొడిచినట్టు టక్కున ఆగిపోయింది. ఫోను కట్టయింది.

పెద్దమ్మ ముఖంలో నవ్వు పోయింది. "కొట్టు కూడా, ఏంట్రా?"

తమ్ముడు అప్పుడే తెచ్చిన టీ గ్లాసు పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు.

"ఒరేయ్. నిన్నే. కొట్టు కూడా ఏంటి?"

"డాక్టరు చెప్పేశాడక్కా," అన్నాడు. "నీకు తెలియకూడదనుకున్నాను."

"ఏం చెప్పేశాడు?"

"ఇంక ఇక్కడ మేం చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళిపోండి అన్నాడు."

ఆ మాట నేనూ విన్నదే. పొద్దున డాక్టరు నాతోనూ అదే అన్నాడు. అన్నాడు, తర్వాత వ్యాయామాల గురించి చెప్పాడు. పక్కనే ఉన్న తమ్ముడికి ఆ తర్వాతిదేదీ చెవికెక్కినట్టు లేదు. ఆయన దృష్టిలో అది మంచి కబురు. పని పూర్తయింది, ఇక ఆసుపత్రితో అవసరం లేదు. కానీ మా ఇళ్ళల్లో ఆ మాటకు ఒక్కటే అర్థం. మంచి కబురైతే ఎవరూ అలా చెప్పరు. డాక్టరు చేసేదేమీ లేదన్నాడంటే, ఇంటికి తీసుకెళ్ళమన్నాడంటే, వరండాలో కుర్చీలు సర్దుకోవాల్సిందే. ఇంగ్లీషులో చదువుకున్న డాక్టరు తెలుగులో ఉన్నదున్నట్టు చెప్పాడు. తెలుగులో పుట్టిన తమ్ముడు తెలుగులో అర్థం చేసుకున్నాడు. నేను రెండూ తెలిసినదాన్నే గానీ, అక్కడ మూడో మనిషిగా నిలబడి అతని ముఖం చూడలేదు, పేషెంటునే చూస్తున్నాను.

"అన్నయ్యగారూ," అన్నాను. "ఆయనన్నది అది కాదు. ఎముక సరిగ్గా కూర్చుంది, ఇక్కడ ఇంక చేయాల్సిన వైద్యం లేదని అన్నాడు. కాలు మోపకుండా కొన్నాళ్ళు ఉండి, తర్వాత నడుస్తుంది మీ అక్క."

అతను నన్ను, అక్కను మార్చి మార్చి చూశాడు. "అంటే... పోదా?"

"ఎక్కడికిరా పోయేది?" అంది పెద్దమ్మ.

దూది బానెట్టు మీద తల ఆనించి భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నాడు. తమ్ముడు కూడా మొదట నవ్వాడు, తర్వాత ఏడ్చాడు, తర్వాత మళ్ళీ నవ్వబోయి సగంలో ఆగిపోయాడు.

"అక్కా, కొట్టు తాళం ఓనరుకి ఇప్పించేశాను."

సంగతి ముక్కలు ముక్కలుగా బయటికి వచ్చింది. డాక్టరు మాట విన్న వెంటనే, బండెక్కకముందే, అతను ఫోను చేసి భార్యకు చెప్పాడు. ఆమె అందరికీ చెప్పింది. కొట్టు ఓనరు పరామర్శకు వచ్చి, పాపం మీకు ఈ బాధలో కొట్టు గొడవ ఎందుకు, ఖాళీ చేసేద్దాం అన్నాడు. సెల్‌ఫోన్లు అమ్మే వాళ్ళెవరో ఆ కొట్టు కోసం ఎప్పటి నుంచో తిరుగుతున్నారట. ఇవాళే సామాన్లు బయట పెట్టిస్తున్నారు. రేపు వాళ్ళు దిగుతారు.

పెద్దమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. గాజు కిటికీకి వేసిన తెర వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ కొట్టు, వెనక గది, రెండూ పోతే ఆవిడకు మిగిలేది తమ్ముడింట్లో ఒక మూల మంచం. ఆ మంచం మీంచి ఎవరూ ఆవిడను లేవనివ్వరు. అది నాకు తెలుసు. నడవగలిగే వాళ్ళను కూడా ప్రేమతోనే పడుకోబెట్టేసిన ఇళ్ళు చాలా చూశాను.

"ఆ టీ ఇలా ఇయ్యి," అంది చివరికి. తాగింది. గ్లాసు నా చేతికిచ్చింది. "ఏమయ్యా, పోనియ్ బండి."

ఓనరుకు తమ్ముడే ఫోను చేశాడు. అక్కకు బాగానే ఉందన్నాడు, పొరపాటు జరిగిందన్నాడు, సామాన్లు ముట్టుకోవద్దన్నాడు. అవతలి మనిషి ఎంతో మెత్తగా మాట్లాడాడు. "మీ మనసు నాకు అర్థమైంది. డాక్టర్లు మనకి ధైర్యం చెప్పడానికి అలాగే అంటారు. మీరే గుండె దిటవు చేసుకోవాలి." పెద్దమ్మ ఫోను లాక్కుంది. "నేనే మాట్లాడుతున్నాను. బతికే ఉన్నాను." "మీరు విశ్రాంతి తీసుకోండి పెద్దమ్మగారూ," అని ఆయన ఫోను పెట్టేశాడు.

"చచ్చానని నమ్మడానికి ఎవడో చెబితే చాలు," అంది పెద్దమ్మ. "బతికున్నానని నేను చెప్పినా చాలదు. అమ్మాయ్, నన్ను లేపి కూచోబెట్టు."

"నిటారుగా కూచోకూడదు పెద్దమ్మా."

"ఎంతవరకు కుదిరితే అంతవరకు లేపు. ఈ తెర తీసెయ్. పడుకోబెట్టి, తెర కట్టి తీసుకుపోతే చూసినవాడు ఏమనుకుంటాడు?"

మంచం తల వైపు ఎత్తాను. తుంటి మీద భారం పడని మేరకు, అంతకు మించి కాదు. వీపు వెనక దిండు, మోకాలి కింద ఇంకోటి పెట్టాను. తెర తీసేశాను. ఆవిడ జుట్టు విప్పి వేళ్ళతో దువ్వుకుని గట్టిగా ముడి వేసుకుంది.

"ఇప్పుడా సైరన్ వెయ్యమను."

దూది చెయ్యి అప్పుడే స్విచ్చు మీదికి పోయింది. "వేయమంటావా చెల్లెమ్మా?"

"వద్దన్నా. ప్రాణం మీదికి వస్తేనే వేయాలి."

"నా కొట్టు నా ప్రాణమే," అంది పెద్దమ్మ.

"నాకు తెలుసు పెద్దమ్మా. కానీ మనం సైరన్ వేస్తే నిజంగా కొట్టుకుంటున్న ప్రాణమేదో పక్కకు తప్పుకుని మనకు దారి ఇస్తుంది. నేను వేయను."

ఆవిడ నా వైపు గుర్రుగా చూసింది. దూదిని త్వరగా పోనిమ్మంది. దూది అందుకు ఒప్పుకోలేదు. కుదిపితే రాడ్ దగ్గర నొప్పి లేస్తుందని, తన బండిలో ఎవరూ ఇప్పటిదాకా అమ్మా అనలేదని, ఆ రికార్డు పాడు చేసుకోలేనని అన్నాడు. అవతల ఆవిడ కొట్టు ఖాళీ అవుతోంది. ఇవతల మేం ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా ఆగి, ముందు చక్రాలు దించి, వెనక చక్రాలు దించి, పసిపిల్లను ఉయ్యాల్లో వేసినట్టు పోతున్నాం. ఆ దారి అంత పొడుగ్గా నాకెప్పుడూ అనిపించలేదు.

"దీనికన్నా నడిచి పోయుంటే నయం," అని పెద్దమ్మ సణుగుతూనే ఉంది. మధ్యలో ఒకసారి పక్కకు తిప్పబోతే వద్దంది. వీపు పుండు పడితే కొట్లో కూర్చోవడం కల్ల అని చెప్పాను. మారు మాట్లాడకుండా తిరిగింది.

ఊరు చేరేసరికి ఎండ ఇంకా దిగలేదు. పెట్రోలు బంకు దాటాక రోడ్డు రెండుగా చీలింది. ఎడమకు తమ్ముడి ఇల్లు, కుడికి కొట్టు. దూది బండి ఆపాడు.

"చెల్లెమ్మా, ఎటు?"

బండి బుక్ చేసింది తమ్ముడు. చెప్పిన చిరునామా అతని ఇల్లు. చిరునామా మార్చాలంటే బుక్ చేసిన వాళ్ళు ఒప్పుకోవాలని మా నియమం. నేను నియమం తప్పేదాన్ని కాదు. బడిలోనూ అంతే, కాలేజీలోనూ అంతే. తమ్ముడి వైపు చూశాను. అతను చొక్కా గుండీ పట్టుకుని నలుపుతున్నాడు.

"ఇంట్లో అందరూ వచ్చి కూర్చున్నారక్కా. ఒక్కసారి అటు వెళ్ళి..."

"ఎందుకు కూర్చున్నారు?"

"నిన్ను చూడ్డానికి."

"కొట్టుకొచ్చి చూడమను. టికెట్టు పెట్టనులే."

"నాకు మా ఇంటిదాంతో..." అని అతను నసిగాడు.

మాకు శిక్షణలో మొదటి రోజు నేర్పిన సంగతి ఒకటుంది. పేషెంటు గురించి పేషెంటు పక్కవాళ్ళతో మాట్లాడకండి, పేషెంటుతోనే మాట్లాడండి అన్నారు. పొద్దున్నించీ అందరూ ఆవిడ మంచానికి అటూ ఇటూ నిలబడి, ఆవిడ మీదుగా మాట్లాడుతున్నారు. ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను. ఆవిడ వైపు తిరిగాను.

"పెద్దమ్మా, మీరు ఎక్కడ దిగుతారు?"

"కొట్లో."

"అన్నా, కుడికి తిప్పు."

కొట్లన్నీ వరసగా ఉన్న ఇరుకు వీధి అది. పెద్దమ్మ కొట్టు షట్టరు పైకి ఎత్తి ఉంది. బయట మోటార్లు కుప్ప పోసి ఉన్నాయి. కొన్ని విప్పినవి, కొన్ని కట్టినవి. రాగితీగ చుట్టలు గోనెసంచిలో కుక్కారు. ఒక సామాన్ల ఆటో వచ్చి ఆగి ఉంది. కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తుకున్న ఒకాయన ఆటోవాడికి ఏదో చెబుతున్నాడు. ఆయనే ఓనరని తమ్ముడు వెనక్కి తగ్గిన తీరులోనే తెలిసింది.

దూది బండి తిప్పి, వెనక తలుపులు సరిగ్గా కొట్టు వాకిలికి ఎదురుగా వచ్చేలా నిలబెట్టాడు. ఆటో ముందుకు పోవడానికీ లేదు, వెనక్కి పోవడానికీ లేదు. నేను తలుపులు బార్లా తీశాను.

అక్కడ మోటారు కుప్పలో వంగి వెతుక్కుంటున్న ఒక మనిషి చొక్కా నిండా పిండి. తల ఎత్తి చూశాడు. లోపల మంచం మీద పెద్దమ్మ కనబడేసరికి చేతులు జోడించి, తమ్ముడితో అన్నాడు. "పాపం, ఎంత మంచి మనిషండీ. మా మర మోటారు ఎన్నిసార్లు..."

"ఎన్నిసార్లు చెప్పాను నీకు, మోటారు మీద తడి సంచులు ఆరేయొద్దని?" అంది పెద్దమ్మ. "దాన్నెందుకు ముట్టుకున్నావ్? విప్పిన మోటారు పట్టుకుపోయి ఏం చేసుకుంటావ్, బియ్యం పోసుకుంటావా?"

పిండిమర ఆయన జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. "పెద్దమ్మా! నువ్వు..."

"ఆ, నేనే. లోపల పెట్టు."

ఓనరు దగ్గరికి వచ్చాడు. మంచి బట్టలు, మంచి మాట. బండిలోకి చూసి, నాతో మెల్లగా అడిగాడు. "ఆవిడకి తెలివి ఉందా?"

"ఆవిడనే అడగండి సార్," అన్నాను.

ఆయన ఇబ్బందిగా కళ్ళద్దాలు కిందికి దించుకున్నాడు. "పెద్దమ్మగారూ, మీరు కోలుకున్నారంటే నాకంటే సంతోషించేవాడు ఉండడు. కానీ మీ తమ్ముడుగారే తాళం పంపించారు. నేను అవతలి వాళ్ళకి మాట ఇచ్చేశాను. అయినా మీరే ఆలోచించండి, నడవలేని మనిషి కొట్టు ఎలా నడుపుతారు?"

"ఇదిగో, మా డ్రైవరు పొద్దున్నించి కూచునే బండి నడుపుతున్నాడు," అంది పెద్దమ్మ. "నడిపేవాడు నడవక్కర్లేదు. తీగ నేను చేత్తో చుడతాను."

జనం పోగయ్యారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఓనరు నవ్వలేదు. "ఇది నవ్వులాట కాదమ్మా. ముందు ఇంటికి వెళ్ళండి. రెస్టు తీసుకోండి. లేచి తిరిగాక చూద్దాం. అప్పుడు ఇంకోచోట చిన్న కొట్టు నేనే చూసిపెడతాను."

"దిగితే ఇక్కడే దిగుతాను. లేకపోతే దిగను."

"బండిలోనే ఉంటారా?"

"ఉంటాను. పరుపు బాగుంది."

నా ఫోను మోగింది. ఆఫీసులో మేనేజరు. తిరుగు దారిలో ఇంకో పేషెంటు ఎదురుచూస్తున్నారని, దింపేశారా లేదా అని అడిగాడు. ఇంటి దగ్గర కాకుండా కొట్టు దగ్గర ఉన్నామంటే ఆయన గొంతు పెరిగింది.

"బుక్ చేసిన అడ్రసులో దింపెయ్యమ్మా. వాళ్ళ ఇంటి గొడవలు మనకెందుకు?"

"బుక్ చేసింది తమ్ముడు సార్. మనం మోసుకొచ్చింది అక్కని."

"అయితే?"

"ఆవిడకి తెలివి ఉంది, నోరుంది. దిగనంటున్న మనిషిని లాగి దింపితే అది సామాను దింపడం అవుతుంది. నేను దింపను."

"ఉద్యోగం చేస్తున్నావా, ఉద్యమం చేస్తున్నావా?"

"ఉద్యోగమే సార్. ఆ పేషెంటువాళ్ళకి నేనే ఫోను చేసి ఆలస్యం అవుతుందని చెబుతాను," అని పెట్టేశాను. మా మేనేజరుతో నేనెప్పుడూ ఎదురు మాట్లాడింది లేదు. నా జీతం మీద ఇంట్లో ఎంతమంది ఉన్నారో నాకు గుర్తుంది. అయినా ఫోను జేబులో పెట్టుకుని మంచం పక్కనే నిలబడ్డాను.

వీధిలో హారన్లు మొదలయ్యాయి. ఆటోవాడు దూదిని బండి తీయమన్నాడు. "పేషెంటు లోపలుండగా కదపకూడదు బాబూ, రూలు," అన్నాడు దూది, అలాంటి రూలు ఎక్కడా లేకపోయినా.

ఆ గోలలో పిండిమర ఆయన తన మోటారు ఎత్తుకుని నడిచాడు. ఇంటికి పట్టుకుపోతున్నాడనుకున్నాను. తిన్నగా కొట్లోకి వెళ్ళి, బల్ల మీద దబ్బున పెట్టి, బయటికి వచ్చి చేతులు దులుపుకున్నాడు. "నా మోటారు నేను రిపేరుకి ఇచ్చాను. ఇక్కడే ఉంటుంది," అన్నాడు ఓనరుతో.

"మీకేం సంబంధమండీ దీంతో?"

"మోటారు నాది కదా!"

తమ్ముడు అప్పటిదాకా బండికి ఆనుకుని నిలబడే ఉన్నాడు. ఓనరు అతని భుజం మీద చెయ్యి వేసి, "మీరైనా చెప్పండి. మీరే కదా తాళం ఇచ్చారు," అన్నాడు. తమ్ముడు ఆ చెయ్యి తీసేశాడు. మెల్లగానే తీశాడు.

"ఇచ్చాను. పోతుందనుకుని ఇచ్చాను. పోలేదు," అన్నాడు. వంగి రాగితీగ గోనెసంచి భుజాన వేసుకుని, దాని బరువుకు పక్కకు ఒరుగుతూ లోపలికి పోయాడు.

నేను ఆలోచించలేదు. "అన్నా, స్ట్రెచరు దించుదాం," అన్నాను. చక్రాలు నేల తాకాయి. వాకిలికి మెట్టు లేదు, చిన్న వాలే. తల ముందు వైపు పెట్టి, దూది లాగుతుంటే నేను పాదాల వైపు పట్టుకున్నాను. ఓనరు అడ్డం రాబోయాడు గానీ, చూస్తూ ఇంతమంది ఉండగా స్ట్రెచరుకు అడ్డం నిలబడ్డ మనిషి ఎలా కనబడతాడో ఆయనకే తోచినట్టుంది. పక్కకు తప్పుకున్నాడు.

వెనక గదిలో మంచం అలాగే ఉంది, పరుపు మాత్రం చుట్టి పెట్టేశారు. పరిచాను. బాత్రూము గుమ్మం ఎంత వెడల్పుందో చూశాను. ఎప్పుడో వాకరు పట్టాలి కదా. గదికీ కొట్టుకీ మధ్య తలుపు లేదు. మంచం కాస్త ముందుకు జరిపితే పడుకున్నచోటు నుంచే బల్లా, వీధీ రెండూ కనబడతాయి. జరిపాం. పెద్దమ్మను దుప్పటితో ఎత్తి మంచం మీదికి మార్చాం. ఒక్కసారి పళ్ళు బిగించింది. అమ్మా అనలేదు.

ఓనరు లోపలికి వచ్చాడు. "ఇదేం పద్ధతండీ? రేపు వాళ్ళు వస్తే ఏం చెప్పాలి నేను? మళ్ళీ ఎప్పుడు తీసుకెళ్తారు ఈవిడని?"

నేను నిటారుగా నిలబడ్డాను. వార్డులో డాక్టరు పక్కన నిలబడేటప్పుడు వచ్చే గొంతు ఒకటి నాకుంది. ఇంట్లో ఎప్పుడూ వాడను, మా అమ్మ నవ్వుతుంది.

"ఈవిడను ఇప్పుడు కదపకూడదు సార్. ఇంత దూరం ప్రయాణం చేశాక తుంటిని మళ్ళీ మళ్ళీ ఎత్తి దించకూడదు. ఎముక గట్టిపడేదాకా ఈ మంచం మీదే. ఈలోగా ఎవరైనా కదిపితే, జరిగినదానికి కదిపిన వాళ్ళదే బాధ్యత."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. పొద్దున డాక్టరు చెప్పిందే. తమ్ముడింటి దగ్గర దింపి ఉంటే ఇదే మాట అక్కడ చెప్పేదాన్ని, ఆవిడ అక్కడే ఉండిపోయేది. ఎక్కడ నిలబడి చెప్పామన్నదే తేడా.

ఓనరు జేబులోంచి తాళంచెవి తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. "తాళం మాత్రం ఇవ్వను. నా దగ్గరే ఉంటుంది."

"ఉంచుకో," అంది పెద్దమ్మ. "మూసేవాడికి కదా తాళం కావాల్సింది. నేను మూయను."

పిండిమర ఆయన బయటి నుంచి ఇంకో మోటారు మోసుకొస్తూ, ఇది ఎక్కడ పెట్టాలి పెద్దమ్మా అన్నాడు. ఆవిడ చెప్పింది. అక్కడ కాదు, దాని పక్కన అంది. కళ్ళు కనబడవా అంది. నేను మందులు వేళ ప్రకారం తమ్ముడికి రెండుసార్లు అప్పజెప్పాను. కాలు వ్యాయామం చేసి చూపించి, అతనితో చేయించాను. అతను రోజూ ఇక్కడే పడుకుంటానన్నాడు. ఓనరు వాకిట్లో నిలబడి ఎవరికో ఫోను చేసుకుంటున్నాడు. రేపు ఏమవుతుందో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు.

నేనూ దూదీ స్ట్రెచరు మడిచి బండిలో పెడుతుంటే లోపల తమ్ముడి ఫోను మోగింది. ఇంటి దగ్గర కూర్చున్న వాళ్ళకు ఓపిక అయిపోయినట్టుంది. అతను ఫోను చెవికి నొక్కుకుని మాట్లాడుతున్నాడు.

"ఇంటికి కాదు, కొట్లో ఉన్నాం... ఏడవకు, ముందు విను... లేదు, ఏం కాలేదు. పడుకునే ఉంది... మాట్లాడుతోంది. ఆ, అందరితో మాట్లాడుతోంది... తిడుతోందే. నన్నే. అవును, బాగానే తిడుతోంది."